కిట్టు విమానానికి సొంతంగా భాగాలు చేసుకోవడం: రేకు, రంధ్రం, భారం

ఒడిశాలో కొరాపుట్ పీఠభూమి మీద సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఇంజన్ల కర్మాగారం 1964లో మిగ్-21 ఇంజన్ల కోసం ఏర్పడింది. తరవాతి కాలంలో మిగ్-29, సుఖోయ్-30 ఇంజన్ల పని కూడా అక్కడికే వచ్చింది. అదే జిల్లాలో దమన్‌జోడి దగ్గర నాల్కో శుద్ధి కర్మాగారం పంచపట్‌మాలి కొండ బాక్సైట్ నుంచి అల్యూమినా తీస్తోంది. ఇంజన్ల పనీ, అల్యూమినియం ముడిసరుకూ రెండూ ఉన్న నేల కనుక, రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాల్లో ఐటీఐలో ఫిట్టరో మెషినిస్టో చదివిన కుర్రవాళ్ళూ, కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దలూ విమానాల సంగతి మాట్లాడుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. విడి భాగాల కట్టగా కొని ఇంట్లో కట్టుకునే కిట్టు విమానాలకు కావలసిన చిన్న చిన్న భాగాలను మన షాపుల్లోనే తయారు చేసుకోలేమా అన్నదే ఆ ప్రశ్న.

చేసుకోవచ్చు. చేతి పనితనానికి ఇక్కడ లోటు లేదు. అయితే కష్టం చాలామంది అనుకునే చోట లేదు. కొలత తప్పకుండా ఆకారం తీయడం ఈ పనిలో తేలికైన వంతు. ఆ భాగం మీద ఎంత భారం పడుతుంది, పడిన భారం ఎటు పోతుంది, చేతిలో ఉన్న రేకు నిజంగా ఏ లోహం అన్న సంగతులు తేల్చుకోవడమే అసలు పని. అది తేలకుండా ఎంత అందంగా చేసిన బ్రాకెట్టయినా విమానంలో పెట్టదగినది కాదు.

కిట్టు అంటే ఏమిటి, సొంత భాగం అవసరం ఎందుకు వస్తుంది

సొంతంగా విమానం కట్టుకునే అలవాటు అమెరికాలో బాగా పాతుకుపోయింది. 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఆ అభిరుచికి పెద్ద అండ అయింది. 1970లలో రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అల్యూమినియం రేకుతో రివెట్లు కొట్టి కట్టే ఆర్‌వీ శ్రేణిని, బర్ట్ రూటన్ నురుగు దిమ్మెల మీద గాజుపీచు, ఎపాక్సీ పరిచి కట్టే వేరీఈజీని తీసుకువచ్చారు. ఈనాటి కిట్టు విమానాల్లో అధిక భాగం ఈ రెండు దారుల్లో ఏదో ఒకదాన్ని అనుసరించేవే. ఉక్కు గొట్టాలు వెల్డు చేసి పైన బట్ట కప్పే పాత పద్ధతి మూడో దారి. విమానంలో సగానికి మించిన పని కట్టేవారు తమ చేతులతో, నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలన్నది అమెరికా నిబంధన. జనం దాన్ని 51 శాతం నియమం అంటారు.

మన దేశంలో ఈ రంగం చిన్నదే కాని లేకపోలేదు. బెంగళూరు రాజహంస సంస్థ తేలికపాటి ఎక్స్-ఎయిర్ విమానాలను తయారు చేసి విదేశాలకు కూడా పంపింది. ముంబయి కాందివలిలో పైలట్ అమోల్ యాదవ్ తాను ఉండే ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని జనం చూశారు. 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ దానికి రిజిస్ట్రేషన్ ఇచ్చింది, 2019లో ఎగరడానికి అనుమతి పత్రం వచ్చింది. విమానం సిద్ధమైన తరవాత కూడా కాగితాలకే ఏళ్ళు పట్టాయన్న సంగతి ఈ దారిలో నడవాలనుకునేవారు ముందే తెలుసుకోవాలి.

కిట్టులో భాగాలన్నీ వస్తాయి కదా, మళ్ళీ సొంత భాగం ఎందుకు? కిట్టును రూపొందించినవారు ఒక ఇంజను, ఒక బ్యాటరీ, ఒక రేడియో, ఒక సగటు పైలట్ ఎత్తు మనసులో పెట్టుకుని గీస్తారు. కట్టేవారికి దొరికే బ్యాటరీ వేరు, కొనగలిగే రేడియో వేరు. ఆయిల్ కూలరు అర అంగుళం పక్కకు జరగాలి, పెడల్ కొంచెం దగ్గరకు రావాలి, ప్యానెల్ వెనక కొత్త పరికరానికి ఒక ఆసరా కావాలి. విడి భాగం విదేశం నుంచి తెప్పిస్తే సరుకు కన్నా రవాణా, సుంకం ఎక్కువ అవుతాయి. ఇవన్నీ న్యాయమైన కారణాలే. కాని సొంత భాగం పెట్టిన క్షణం నుంచి ఆ ఒక్క చోట డిజైనర్ బాధ్యత కట్టేవారి భుజాల మీదికి వస్తుంది.

ముందుగా అడగవలసిన ప్రశ్న

భాగం గీయడానికి ముందు అడగవలసింది ఒకటే: ఇది గాలిలో విరిగితే ఏమవుతుంది? మ్యాపులు పెట్టుకునే సంచి ఊడితే చికాకు తప్ప ప్రమాదం లేదు. రేడియో బ్రాకెట్టు విరిగితే మాట పోతుంది, విమానం ఎగురుతూనే ఉంటుంది, అయితే ఊడిన రేడియో పెడళ్ళ మధ్య పడితే కథ మారిపోతుంది. ఇంధనం గొట్టం బిగింపు విరిగితే ఇంజను ఆగుతుంది, మంట కూడా రావచ్చు. రెక్క దూలం, తోక అతుకులు, కంట్రోల్ కడ్డీలు, వాటి కీలు బ్రాకెట్లు విరిగితే ఆ తరవాత పైలట్ చేయగలిగింది ఏమీ ఉండదు.

నా ఉద్దేశంలో చివరి రకం భాగాలను కిట్టు డిజైనర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా తాకనే కూడదు. దూలంలో అదనంగా ఒక్క రంధ్రం వేయడం కూడా మార్పే. మన చేతి పని ఎంత గట్టిదైనా, ఆ దూలం గురించి డిజైనర్ చేసిన లెక్క మన ముందు లేదు. మధ్య రకం భాగాలు లెక్క వేసి, పరీక్షించి, అనుభవజ్ఞుడైన మరొకరికి చూపించి చేయవలసినవి. ఈ వ్యాసంలో అలాంటి దాన్నే ఒకదాన్ని తీసుకుని చివరిదాకా నడుద్దాం. సీటు వెనక బ్యాటరీ పెట్టుకునే పళ్ళెం.

ఆరు కిలోల బ్యాటరీ, నూట ఎనిమిది కిలోల భారం

ఇంజను పక్కన వేడి ఎక్కువగా ఉందని, కట్టేవారు ఆరు కిలోల బ్యాటరీని సీటు వెనకకు జరపాలనుకున్నారనుకుందాం. నిలిపి ఉన్న విమానంలో పళ్ళెం మీద పడేది ఆరు కిలోలే. గాలిలో మలుపు తిరిగినప్పుడు, సుడిగాలి తగిలినప్పుడు అది అంతకు ఎన్నో రెట్లవుతుంది. సాధారణ తరగతి చిన్న విమానాలకు అమెరికా పాత నిబంధనల్లోని పరిమితి 3.8 రెట్లు, దాని మీద 1.5 భద్రతా గుణకం. అంటే 5.7 రెట్లు, సుమారు 34 కిలోలు. ఇంతవరకే చూస్తే పలచటి రేకు చాలనిపిస్తుంది.

నిజమైన పరీక్ష బలవంతంగా దిగినప్పుడు వస్తుంది. ముక్కు నేలకు తగిలి విమానం ఆగిపోతుంది, బ్యాటరీ మాత్రం ముందుకే పోవాలని చూస్తుంది, దాని ముందు ఉన్నది పైలట్ వీపు. అందుకే క్యాబిన్‌లో మనిషికి తగలగల బరువులకు ముందువైపు 18 రెట్లు, పైకి 3 రెట్లు, పక్కలకు 4.5 రెట్లు భారం ఆగాలని ఆ నిబంధనలు పెట్టారు. 2017లో ఆ నిబంధనలను తిరగరాసినా, ఇంట్లో కట్టేవారు నేటికీ ఆధారంగా తీసుకోవడానికి ఇవి మంచి అంకెలు. ఆరు కిలోలను 18తో గుణిస్తే 108 కిలోలు. అతుకుల కోసం వేసే 1.15 అదనపు గుణకం కలిపితే 124. పళ్ళెం, దాని పట్టీ, బోల్టులు, బోల్టులు దిగిన నిర్మాణం అన్నీ ముందుకు లాగే ఈ 124 కిలోలను ఆపగలగాలి.

ఇప్పుడు బోల్టుల సంగతి. విమానాల్లో వాడే ఏఎన్3 బోల్టు వ్యాసం అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే 4.76 మి.మీ. ఆ ఒక్క బోల్టు అడ్డంగా తెగడానికి 900 కిలోలకు పైగా భారం కావాలి. నాలుగు బోల్టులు పెడితే లెక్కే అక్కర్లేదనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కాని బోల్టు తెగదు, రేకు చిరుగుతుంది. 0.8 మి.మీ. మందం ఉన్న 6061-టి6 అనే అల్యూమినియం రకం రేకులో ఆ బోల్టు రంధ్రం నలిగి సాగిపోవడానికి సుమారు 230 కిలోలు చాలు, అదీ రంధ్రం మధ్య నుంచి రేకు అంచుదాకా కనీసం రెండు వ్యాసాల దూరం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, ఉన్నప్పుడే. స్థలం చాలక ఒకటిన్నర వ్యాసాల దగ్గర రంధ్రం వేస్తే ఆ బలంలో సుమారు పావు వంతు పోతుంది. రంధ్రాన్ని అంచుకు జరిపిన కొద్దీ బలం కరిగిపోతుంటుంది, పైకి మాత్రం భాగం చూడడానికి అలాగే ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. బ్యాటరీ గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, పళ్ళెం అడుగు కన్నా పైన ఉంటుంది, 80 మి.మీ. అనుకుందాం. ముందుకు లాగే 108 కిలోలు ఆ ఎత్తులో పనిచేస్తే పళ్ళెం ముందుకు బోర్లాపడాలని చూస్తుంది. ముందూ వెనకా బోల్టుల మధ్య దూరం 150 మి.మీ. అయితే వెనక రెండు బోల్టులను సుమారు 58 కిలోల బలం పైకి పీకుతుంది. పలచటి రేకులో బోల్టు తల రేకును గుంటలా లాగి బయటికి రావాలని చూస్తుంది. దానికి మందు మందమైన బోల్టు కాదు, తల కింద వెడల్పాటి వాషరు, రేకు అడుగున మరో రేకు ముక్క.

ఇక్కడి దాకా పళ్ళెం గురించే మాట్లాడాం. పళ్ళెం తీసుకున్న భారం ఆ తరవాత ఎటు పోతుందన్నది అంతకన్నా ముఖ్యం. బోల్టులు ఏ ఆసరా లేని నేల రేకు మధ్యలో దిగితే, పళ్ళెం నిలిచినా నేల రేకు చిరుగుతుంది. బోల్టులు అడ్డపట్టీల మీదనో, ఫ్యూజలేజ్ (విమానం మొండెం) పొడవునా సాగే కమ్మీల మీదనో దిగాలి, అవి ఆ భారాన్ని చుట్టూ ఉన్న గోడలకు పంచాలి. కాగితం మీద బ్యాటరీ నుంచి మొదలుపెట్టి, భారం ఒక్కొక్క అతుకు దాటుతూ ప్రధాన నిర్మాణం చేరేదాకా వేలితో గీసుకుంటూ పోవాలి. దారి ఎక్కడ తెగితే అక్కడ అదనపు పని ఉందని అర్థం. ఈ అలవాటు ఒక్కటి వస్తే సగం చదువు వచ్చినట్టే.

బరువు జరిపితే విమానం తూకం కూడా జరుగుతుంది. ఆరు కిలోలను రెండు మీటర్లు వెనకకు జరిపితే 500 కిలోల విమానంలో గరిమనాభి 24 మి.మీ. వెనకకు పోతుంది. చాలా చిన్న విమానాల్లో అనుమతించిన పరిధి మొత్తం 200 మి.మీ.కు అటూ ఇటూ ఉంటుంది. అందులో ఎనిమిదో వంతు ఒక్క బ్యాటరీ తినేసింది. గరిమనాభి హద్దు దాటి వెనకకు పోతే విమానం నిలకడ తప్పుతుంది, స్టాల్ నుంచి, అంటే రెక్కలు ఎత్తే బలం కోల్పోయిన స్థితి నుంచి, తేరుకోవడం కష్టమవుతుంది. భాగం తేలిగ్గా ఉండటం ఎంత ముఖ్యమో, అది ఎక్కడ ఉందన్నది అంత ముఖ్యం.

రేకుకు పుట్టుపూర్వోత్తరాలు కావాలి

దమన్‌జోడి అల్యూమినా అంగుల్ కొలిమికీ, విశాఖ రేవుకూ పోతుంది. విమానపు రేకు మాత్రం మనకు మరెక్కడి నుంచో తిరిగి రావాలి. ఎందుకంటే అల్యూమినియం అన్న ఒక్క పేరు కింద ఎన్నో వేరు వేరు లోహాలు ఉన్నాయి. వంటపాత్రల రకం మెత్తని 1100 అల్యూమినియం సుమారు 35 మెగాపాస్కల్ ఒత్తిడికే శాశ్వతంగా వంగిపోతుంది. 6061-టి6 సుమారు 275 దాకా ఆగుతుంది. రాగి కలిసిన 2024-టి3 సుమారు 345 దాకా ఆగుతుంది. ఈ మూడు రేకులూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. వెనక ఉన్న టి3, టి6 అన్న గుర్తులు లోహాన్ని ఎలా వేడి చేసి చల్లార్చారో, ఎలా గట్టిపరచారో చెబుతాయి. ఆ గట్టితనం ఎప్పటికీ ఉండేది కాదు. 6061-టి6ను వెల్డు చేస్తే అతుకు చుట్టుపక్కల బలం దాదాపు సగానికి పడిపోతుంది. 2024ను మామూలు పద్ధతిలో వెల్డు చేయనే కూడదు. వంగడం లేదని గ్యాస్ మంట చూపించి వంచిన రేకు ఆకారంలో బాగుంటుంది, గుణంలో అది వేరే లోహం.

ఈ సరిహద్దు పట్టణాల్లో నాకు కనిపించే నిజమైన కొరత ఇదే. రాయగడలోనో బరంపురంలోనో లేత్ మీద వందో వంతు మిల్లీమీటరు పట్టగల మెషినిస్టు దొరుకుతారు, ఆయన చేతికిచ్చే రేకుకు కాగితం దొరకదు. తుక్కు దుకాణంలో దొరికిన ముక్క విమానం నుంచే వచ్చిందని అమ్మేవారు చెప్పినా, దాని రకం, గట్టితనం, అది అనుభవించిన వేడి, అలసట ఎవరికీ తెలియవు. మిల్లు సర్టిఫికెట్టుతో వచ్చిన రేకునే కొనాలి, కోసిన ప్రతి ముక్క మీదా ఆ గుర్తును మళ్ళీ రాయాలి. ముక్క మిగిలితే గుర్తుతోనే దాచాలి, గుర్తు లేని ముక్కను బెంచీ పనికి తప్ప వాడకూడదు. బోల్టులకూ ఇదే నియమం. హార్డ్‌వేర్ దుకాణపు బోల్టు కొలతలో సరిపోవచ్చు, కాని సాగి తెగే ముందు ఎంత భారం ఆపుతుందన్న హామీ ఏఎన్ బోల్టుకు ఉన్నట్టు దానికి ఉండదు.

ఉక్కు గొట్టాల విమానాలకు 4130 అన్న క్రోమ్-మాలిబ్డినం ఉక్కు వాడతారు. నార్మలైజ్ చేసిన, అంటే వేడి చేసి గాలిలో చల్లార్చిన, దాని బలం సుమారు 435 మెగాపాస్కల్, మామూలు మెత్తటి ఉక్కుది సుమారు 250. బండి ఫ్రేములు వెల్డు చేసే చేతికి ఈ పని అలవాటవుతుంది, కాని గొట్టం మందం తరచుగా మిల్లీమీటరు దగ్గర ఉంటుంది కనుక కొత్తగా నేర్చుకోవలసింది చాలానే ఉంది.

మడత దగ్గర రెండు మిల్లీమీటర్లు

పళ్ళెం అంచులు మడవాలి. 0.8 మి.మీ. రేకుకు లోపలి ఒంపు 2.4 మి.మీ. తీసుకుందాం, అంటే మందానికి మూడు రెట్లు. 2024-టి3 లాంటి గట్టి రేకును ఇంతకన్నా పదునుగా మడిస్తే వెలుపలి వైపు సన్నని పగుళ్ళు వస్తాయి. రేకును సాగదీసినప్పుడు ఏర్పడిన గీతలు, అంటే దాని పోగు, మడత రేఖకు అడ్డంగా పోయేలా కోసుకోవాలి. పోగు వెంటే మడిస్తే పగులు తేలిగ్గా వస్తుంది. ఒంపు కోసం వైసు దవడల మధ్య నున్నని గుండ్రటి అంచు ఉన్న దిమ్మె పెట్టి వంచుతారు. పదునైన దవడ అంచు మీద వంచితే అక్కడే గాటు పడుతుంది.

రెండు పక్కలూ 25 మి.మీ. ఉండే కోణపు పట్టీ కావాలంటే ఎంత వెడల్పు రేకు కోయాలి? యాభై అని కోస్తే పట్టీ పెద్దదవుతుంది, ఎందుకంటే మడత మూలను చుట్టుకుని రాదు, ఒంపుగా అడ్డదారి తీస్తుంది. ఒక్కొక్క పక్క నుంచి ఒంపునూ మందాన్నీ కలిపి 3.2 మి.మీ. తీసేయాలి, 21.8 మిగులుతుంది, రెండు పక్కలకు 43.6. ఒంపులో పట్టే రేకు పొడవుకు విమానం పనివారు వాడే సూత్రం ఉంది: ఒంపును 0.01743తోనూ, మందాన్ని 0.0078తోనూ గుణించి, రెండూ కలిపి, మడత డిగ్రీలతో గుణించాలి. తొంభై డిగ్రీలకు ఇది 4.3 మి.మీ. మొత్తం 47.9. యాభైకీ దీనికీ తేడా రెండు మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు. అయితే రంధ్రాలు ముందే వేసుకున్న రేకులో ఆ తేడా రంధ్రాన్ని అంచు వైపు జరుపుతుంది, మనం పైన జాగ్రత్తగా కాపాడుకున్న రెండు వ్యాసాల దూరం అక్కడ పోతుంది. అందుకే అనుభవం ఉన్నవారు అదే రేకు నుంచి ఒక తునక కోసి మడిచి, కొలిచి చూసుకున్న తరవాతనే అసలు ముక్క కోస్తారు.

రంధ్రం, అంచు, గీత

విమానం కంపిస్తూనే ఉంటుంది. ఒక్కసారి పడే పెద్ద భారం కన్నా లక్షల సార్లు వచ్చి పోయే చిన్న భారమే ఎక్కువ భాగాలను విరుస్తుంది. దీన్నే లోహపు అలసట అంటారు. ఆ విరుపు ఎప్పుడూ ఏదో ఒక గాటు దగ్గర మొదలవుతుంది. చీర అంచున చిన్న చిరుగు పడితే బట్ట అక్కడి నుంచే చీలిపోతూ పోయినట్టు, రంధ్రం అంచున పైకి లేచి మిగిలిన పదునైన పొర (బర్రు), సూదితో గీసిన గీత, కత్తెర పళ్ళ గుర్తు, లోపలి మూలలో మిగిలిన పదును ఇవన్నీ పగులుకు తలుపులు. కోసిన ప్రతి అంచునూ సన్నని ఆకురాయితో పొడవునా రుద్ది, ఎమెరీ కాగితంతో నునుపు చేయాలి. లోపలి మూలలను కోణంగా కాక రంధ్రంతో గుండ్రంగా ముగించాలి. అల్యూమినియం మీద గీతలు ఉక్కు సూదితో కాక సన్నని మార్కరుతో గీయాలి. పెన్సిల్ కూడా వద్దు, గ్రాఫైట్ ఆ గీత వెంట తుప్పు పుట్టిస్తుంది.

రివెట్టు రంధ్రానికీ కొలత ఉంది. ఎనిమిదో వంతు అంగుళం రివెట్టుకు రంధ్రం 3.26 మి.మీ., కొట్టిన తరవాత వెనక ఏర్పడే తల వ్యాసం దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం. అంటే సుమారు 4.8 మి.మీ. వెడల్పు, 1.6 ఎత్తు. పల్చగా నలిగిపోయినా, ఓరగా వంగినా తీసేసి మళ్ళీ కొట్టాలి. తీసేటప్పుడు రంధ్రం పెద్దదయితే ఒక మెట్టు పెద్ద రివెట్టు వాడాలి.

రంధ్రం ఎలా వేశామన్నది ఎంత ముఖ్యమో 2023లో ప్రపంచమంతా చూసింది. కిట్టు విమానాల్లో పెద్ద సంస్థ అయిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ గిరాకీ తట్టుకోవడానికి కొన్ని రేకు భాగాల రంధ్రాలను లేజరుతో కోయించింది. లేజరు కోత మొదలై ముగిసే చోట మిగిలిన చిన్న గాటు దగ్గర, కట్టేవారు రివెట్టు తల కూర్చోవడానికి రంధ్రాన్ని గుంట చేసినప్పుడు పగుళ్ళు కనిపించాయి. ఎన్నో కిట్లకు భాగాలు మార్చవలసి వచ్చింది. ఇతర ఆర్థిక ఒత్తిళ్ళు కూడా తోడై ఆ ఏడాది డిసెంబరులో సంస్థ దివాలా రక్షణ కోరింది, తరవాత తేరుకుంది. లేజరు చెడ్డది కాదు. అయితే రంధ్రం వేసే పద్ధతి మారితే రంధ్రం అంచు గుణం మారుతుంది, ఆ గుణాన్ని ముందే పరీక్షించి చూసుకోవాలి. మన దగ్గర లేజరు కోతకు రేకు ఇచ్చేవారు రంధ్రాలను కావాలనే చిన్నగా కోయించి, డ్రిల్లుతోనూ రీమరుతోనూ చివరి కొలతకు తెచ్చుకోవడం మేలు.

ప్రింటు తీసిన ప్లాస్టిక్ భాగాలు

త్రీడీ ప్రింటరు ఇప్పుడు చిన్న ఊళ్ళ కాలేజీల్లో కూడా ఉంది. ఆకారం సరిచూసుకునే నమూనాలకు, వైర్లు పట్టే చిన్న క్లిప్పులకు అది ఎంతో ఉపయోగం. ఇబ్బంది వేడితో వస్తుంది. పీఎల్‌ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, పీఈటీజీ సుమారు 80 దగ్గర, ఏబీఎస్ 105 దగ్గర. మే నెలలో రాయగడ ఎండలో అద్దం మూసి నిలిపిన కాక్‌పిట్‌లో 60 దాటడం వింత కాదు, ఇంజను పక్కన సంగతి చెప్పనే అక్కర్లేదు.

2025 మార్చిలో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్ విమానాశ్రయం దగ్గర ఇంట్లో కట్టిన ఒక కోజీ విమానం దిగబోతుండగా ఇంజను శక్తి పోయి నేలకు తగిలింది. దర్యాప్తులో, ఇంజనుకు గాలి అందించే ప్రింటు తీసిన మోచేతి గొట్టం మెత్తబడి కూలిపోయిందని తేలింది. అది 105 డిగ్రీల దాకా ఆగే కార్బన్ పీచు కలిసిన ఏబీఎస్ అని యజమాని నమ్మి కొన్నారు. పరీక్షలో అది 53, 54 డిగ్రీల దగ్గరే మెత్తబడింది. పైలట్ చిన్న గాయాలతో బయటపడ్డారు. ఇక్కడ తప్పింది ఆకారం కాదు, పదార్థం ఏమిటన్నది ఎవరూ పరీక్షించకపోవడం. ప్లాస్టిక్ తీగ చుట్ట మీద రాసిన పేరును నమ్మకుండా, అదే చుట్టతో అదే రోజు ప్రింటు తీసిన ఒక తునకను వేడి నీళ్ళలో ముంచి, థర్మామీటరు పెట్టి, ఏ వేడి దగ్గర వంగుతుందో చూసుకోవడం ఏ ఇంట్లోనైనా చేయగలిగిన పరీక్ష.

బియ్యం బస్తాల పరీక్ష

లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా, పరీక్ష లేకుండా నమ్మకూడదు. పళ్ళేన్ని రెండు చేయాలి, ఒకే రేకు నుంచి, ఒకే పద్ధతిలో. ఒకదాన్ని విమానంలోని అడ్డపట్టీల నమూనాగా చేసిన చట్రానికి అవే బోల్టులతో బిగించి, విమానం ముందువైపు నేలకు వచ్చేలా చట్రాన్ని నిలబెట్టాలి. బ్యాటరీ స్థానంలో అదే కొలతల కట్టె దిమ్మె పెట్టి, పట్టీ బిగించి, దిమ్మె గరిమనాభి ఉండే చోట నుంచి తాడు వేలాడదీయాలి. మనకు కావలసిన 124 కిలోలకు ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు అయిదు సరిపోతాయి. బస్తాలను ఒక్కొక్కటిగా నెమ్మదిగా వేలాడదీయాలి, కింద మనిషి ఉండకూడదు. ఆఖరి బస్తా వేసిన తరవాత మూడు సెకన్లు నిలవాలని పాత నిబంధన. ఇంట్లో చేసేవారు నిమిషం నిలిపి చూడటం మంచిది. ఆ భారానికి పళ్ళెం కొంచెం వంకర పోవచ్చు, ఊడకూడదు. పరీక్షించిన ఈ పళ్ళేన్ని విమానంలో పెట్టకూడదు. రెండోదాన్ని 3.8 రెట్ల మామూలు భారానికి, అంటే సుమారు 23 కిలోలకు, కిందివైపు పరీక్షించి, బరువు తీసిన తరవాత ఏ మాత్రం వంకర మిగలలేదని స్కేలు పెట్టి నిర్ధారించుకుని బిగించాలి.

బిగించడంలోనూ పద్ధతి ఉంది. ఏఎన్3 నట్టుకు బిగింపు సుమారు 2.3 నుంచి 2.8 న్యూటన్ మీటర్లు, అది చేతి అంచనాతో కాక టార్క్ రెంచితో. బోల్టు మరలు రంధ్రం లోపల రేకుకు ఆనకూడదు, మర లేని నున్నని భాగమే ఆనాలి. నట్టు బయట ఒకటి నుంచి మూడు మరలు కనిపించాలి. గోపాల్‌పూర్ లాంటి సముద్ర గాలి తగిలే చోట విమానం ఉంచేవారు రేకుల మధ్య ప్రైమరు పూయకుండా, ఇత్తడినీ అల్యూమినియాన్నీ నేరుగా ఆనించి అస్సలు వదలకూడదు. కార్బన్ పీచు భాగం అల్యూమినియాన్ని ఆనినా అదే తుప్పు వస్తుంది.

వీటన్నిటికీ ఒక నోటు పుస్తకం కావాలి. రేకు సర్టిఫికెట్టు నంబరు, వేసిన లెక్క, గీసిన బొమ్మ, పరీక్ష ఫొటోలు, బస్తాల తూకం, బిగించిన తేదీ, చూసినవారి సంతకం అందులో ఉండాలి. చూసేవారు ఈ భాగం చేసినవారు కాకూడదన్నది నా గట్టి పట్టుదల. చేసిన కంటికి తన పనిలోని ఓరతనం కనపడదు. మన దేశంలో ఇలాంటి విమానానికి రిజిస్ట్రేషన్, ఎగరడానికి అనుమతి పౌర విమానయాన డైరెక్టరేట్ ఇవ్వాలి. 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోకి వచ్చింది. అధికారి అడిగే మొదటి ప్రశ్నలు ఆ పుస్తకంలో జవాబులు ఉన్న ప్రశ్నలే అవుతాయి.

అమెరికాలో కొత్తగా కట్టిన విమానం సాధారణంగా మొదటి 25 లేదా 40 గంటలు నిర్ణీత ప్రాంతంలోనే పరీక్షగా ఎగరాలి. ఆ గంటల్లో ప్రతిసారీ దిగాక సొంత భాగాలన్నిటినీ అద్దం, టార్చీ పట్టుకుని చూడాలి. బోల్టు తల మీదుగా రేకు దాకా ముందే గీసిన రంగు గీత విడిపోయిందంటే బోల్టు తిరిగిందని అర్థం. రివెట్టు తల చుట్టూ నల్లని మసి కనిపిస్తే రివెట్టు కదులుతోందని అర్థం, ఆ పళ్ళేన్ని విప్పి రంధ్రాలు కొలిచేదాకా ఆ విమానం మళ్ళీ ఎగరకూడదు.